తంపర గట్టున వారం రోజులు

సముద్రం ఉండాలి, పక్షులో జంతువులో కళ్లెదుట కనిపించాలి, జనం ఒత్తిడి ఉండకూడదు. మా వారు ఉద్యోగ విరమణ చేశాక ఇద్దరం కలిసి చేసే తొలి ప్రయాణానికి నేను పెట్టిన షరతులివి. అబ్బాయి అండమాన్ వెళ్లమన్నాడు. అమ్మాయి బాలి అంది, విమానం టికెట్ల ధరలు కూడా ఫోనుకు పంపింది. మా వారు ఆ ధరలన్నీ ఓపికగా చదివి, "పొద్దున్నే పలాస పాసింజరెక్కితే భోజనాల వేళకి నౌపడాలో ఉంటాం. ముందు అటు చూద్దామా?" అన్నారు. మాది విజయనగరం. ఉత్తరంగా మా రాకపోకలు అరసవల్లి సూర్యనారాయణుడి దగ్గరో, శ్రీకూర్మంలోనో ఆగిపోయేవి. ఆ పైన ఇచ్ఛాపురం దాకా నేనెరిగింది రైలు కిటికీలోంచి కనిపించే కొబ్బరిచెట్లే. మార్చి మొదట్లో బయల్దేరాం.

శ్రీకాకుళం జిల్లా తీరం సుమారు 190 కిలోమీటర్లు. విజయనగరం వాటా ముప్ఫైకి లోపే, భోగాపురం, పూసపాటిరేగ మండలాల్లో. ఈ తీరానికి కొండలు బాగా దగ్గర. 1,501 మీటర్ల మహేంద్రగిరి ఒడిశాలో ఉన్నా మందసలో నిలబడితే ఎదురుగా కనిపిస్తుంది. కొండల మీద కురిసిన వాన మహేంద్రతనయ, బాహుదా లాంటి చిన్న నదుల్లోకీ ఊరూరి గెడ్డల్లోకీ గబగబా దిగుతుంది. తీరం వెంట ఇసుకదిబ్బలు అడ్డం ఉండటంతో ఆ నీరంతా ఒక్కసారే సముద్రంలో కలవదు. దిబ్బల వెనక పల్లంలో నిలిచిపోతుంది. దాన్నే నౌపడా వైపు తంపర అంటారు, సోంపేట వైపు బీల అంటారు. నీరు నిలిచినచోట చేప, నత్త, తుంగ. అవి ఉన్నచోట పిట్ట. మేం చూసిన పక్షులన్నీ ఆ నిలిచిన నీటి చలవే.

టెక్కలి మండలంలోని తేలినీలాపురం పెద్ద ఊరేమీ కాదు. ఆటో దిగగానే ముందు వాసన తగిలింది. పచ్చిచేప, పక్షి రెట్ట కలిసిన ఘాటు వాసన. తలెత్తితే ఇళ్ల మధ్యనున్న చెట్ల కొమ్మలన్నీ తెల్లగా ఉన్నాయి. ఏ కొమ్మ మీద చూసినా గూళ్లే. పెలికాన్లు, అంటే గూడబాతులు కొన్నింట, పెయింటెడ్ స్టార్క్ అనే ఎర్రకాళ్ల కొంగలు కొన్నింట. సెప్టెంబరు, అక్టోబరుల్లో వచ్చి గూళ్లు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లలకు రెక్కలు గట్టిపడ్డాక మార్చి, ఏప్రిల్ నాటికి వెళ్లిపోతాయి. మేం వెళ్లేసరికి పిల్లలు తల్లుల సైజుకొచ్చాయి గానీ తిండికింకా తల్లిదండ్రుల మీదే ఆధారపడి ఉన్నాయి.

అటవీశాఖ కట్టిన గోపురం ఎక్కి బైనాక్యులర్స్‌తో చాలాసేపు ఒకే గూటిని చూశాం. తంపర వైపు నుంచి గూడబాతు రెక్కలు కదపకుండా తేలుతూ వచ్చి, కాళ్లు ముందుకు చాపి కొమ్మ మీద దిగింది. కొమ్మ బాగా కిందికి వంగి మళ్లీ లేచింది. పిల్ల రెక్కలు కొట్టుకుంటూ మీదమీదకొచ్చింది. తల్లి ముక్కు తెరవగానే పిల్ల తలా మెడా లోపలికి దూర్చేసింది. దవడ కింది తోలుసంచీలో ఆ తల ఎటు కదులుతున్నదీ బయటికి తెలుస్తూనే ఉంది. కాసేపటికి బయటికి తీసిన ముఖమంతా తడి, ముక్కు చివర చేప తోక. ఈలోగా గూటి నుంచి ఇంకో చేప జారి కింద పెంకుటింటి వసారాలో పడింది. అది పిల్లి వంతు.

ఆ వసారాలో కూర్చున్న ముసలమ్మని చింతపండు ఇంకా దులపలేదేమని అడిగాను. మా ఇళ్ల దగ్గర ఆ పని అప్పటికే మొదలైంది. ఆమె చెట్టు వైపు చూసి, "పిట్టలు ఎల్లేదాకా ఈ చెట్టు జోలికెల్లం తల్లీ. పురిటికొచ్చిన ఆడపిల్లని ఎవులైనా ఎల్లిపొమ్మంటారేటి?" అంది. పక్షులు వస్తే వానలు బాగుంటాయనీ, పంట పండుతుందనీ ఆ ఊరి నమ్మకం. వాకిలి రోజూ రెట్టతో తెల్లబడుతుంది, ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవాలి, వాసన నెలల తరబడి పోదు. అయినా రాయి విసిరేవాళ్లు లేరు. గూటి నుంచి పిల్ల జారిపడితే ఎత్తి అటవీశాఖ వాళ్లకు అప్పగిస్తారు. నేను చూసిన ఏ జంతుప్రదర్శనశాలలోనూ మనుషుల నుంచి పక్షులకు ఇంత మర్యాద దొరకలేదు.

ఇవి సైబీరియా నుంచి వస్తాయని ఊళ్లో అందరూ చెబుతారు. నిజానికి గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ మన వైపు పక్షులే. దక్షిణాసియాలోనూ ఆగ్నేయాసియాలోనూ నీటి వసతి, తిండి చూసుకుని తిరుగుతూ, అనువైన చోట పిల్లల్ని పెంచుతాయి. వేల మైళ్ల కథ లేకపోయినంత మాత్రాన వాటి విలువ తగ్గదు. ఇన్ని చోట్లుండగా ఏటా ఈ ఊరినే ఎంచుకుంటున్నాయి, నాకదే పెద్ద సంగతి అనిపించింది.

ఎంచుకోవడానికి కారణం దగ్గర్లోనే ఉంది. మర్నాడు నౌపడా తంపర గట్టున నడిచాం. ఒకవైపు ఉప్పుమడులు, ఎండకు తళతళలాడుతున్న ఉప్పు కుప్పలు. మరోవైపు మోకాటి లోతు నీరు, తుంగ, వలలు విదిలిస్తున్న మనుషులు, వాళ్లకు నాలుగు బారల దూరంలో బెదురులేకుండా మేస్తున్న కొంగలు. ఈ నీటిని పనికిరాని బీడుగా కాగితాల్లో రాసి, ఇక్కడ థర్మల్ విద్యుత్కేంద్రం కడతామన్న రోజులున్నాయి. సోంపేట బీలలో అలాంటిదే కడతామంటే రైతులు, మత్స్యకారులు అడ్డం తిరిగారు. 2010 జులై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగాయి. 2011 ఫిబ్రవరి 28న ఈ తంపర పక్కనే కాకరాపల్లిలో మళ్లీ కాల్పులు. రెండుచోట్లా ప్రాణాలు పోయాయి. సోంపేటలో ఆ కేంద్రం రాలేదు, బీల నిలిచింది. ఈ నేల మీద పక్షిని చూసి ముచ్చటపడేవాళ్లు ఆ మనుషుల్ని ఒకసారి తలుచుకోవాలి. వాళ్లు తమ పొలానికీ వలకూ నీరు కావాలని నిలబడ్డారు. ఆ నీళ్లే పక్షులకూ దక్కాయి.

నీరు మిగిలితే చాలదు, శుభ్రంగానూ ఉండాలి. 2021 డిసెంబరులో, ఆ పై జనవరిలో తేలినీలాపురం చెట్ల కింద వందకు పైగా గూడబాతులు చచ్చిపడ్డాయి. చేపల ద్వారా కడుపులో చేరిన నులిపురుగులు కారణమని పరీక్షల్లో తేలింది. ఆ సంగతి చెబుతున్నప్పుడు ముసలమ్మ గొంతు మారింది. ఇంట్లో మనిషి పోయినట్టే మాట్లాడింది.

పలాస నుంచి ఉద్దానం. దిబ్బల మీద కొబ్బరి, జీడిమామిడి, పనస ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పెరిగే తోటలు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. ఇక్కడి కొబ్బరిచెట్లు లక్షల్లో నేలకూలాయి. కొబ్బరి మొక్క కాపుకొచ్చేసరికి ఆరేడేళ్లు పడుతుంది కాబట్టి, ఆ తర్వాత నాటినవి ఇప్పుడిప్పుడే గెలలు వేస్తున్నాయి. ఉద్దానంలో జంతువుల మాట వస్తే ముందు ఎలుగుబంటి పేరే చెబుతారు. కొండల దిగువన అడవి పలచబడ్డాక ఎలుగులు జీడితోటల్లోకి దిగుతున్నాయి. జీడిపండు, పనసపండు వాటికి ఇష్టం. 2022 జూన్‌లో కిడిసింగి దగ్గర ఒక ఎలుగు పలువురి మీద పడి గాయపరిచింది, ఒక ప్రాణం తీసింది, పట్టుబడ్డాక అదీ చచ్చిపోయింది. అప్పటి నుంచి తోటలకు ఒంటరిగా వెళ్లొద్దని ఆడవాళ్లు ఒకరికొకరు చెప్పుకుంటారు. ఎలుగును చూడాలని మేం అడగలేదు. అడగకూడదు కూడా. జీడిగింజ ఏరుకుని బతికేవాళ్లకు అది వినోదం కాదు.

మందసలో కోవా కొనుక్కుని బారువ చేరాం. మహేంద్రతనయ సముద్రంలో కలిసే చోటు, ఒకప్పుడు ఓడలు ఆగిన రేవు, పాత దీపస్తంభం, కొబ్బరితోటలు దాటగానే పొడవాటి ఖాళీ తీరం. వారంలో ఎక్కువ రోజులు ఇక్కడే ఉన్నాం. మా వారు పొద్దున పెద్దవల లాగేవాళ్లతో కలిసి తాడు పట్టుకునేవారు, నేను వలలో పడిన కవ్వలు, కానాగంతలు ఏరే ఆడవాళ్ల పక్కన కూర్చునేదాన్ని. మధ్యాహ్నం చోడి అంబలి, కవ్వల పులుసు. సాయంత్రం మా ఇద్దరికీ మాటలక్కర్లేని నడక. ఇన్నేళ్ల కాపురంలో ఉద్యోగం, పిల్లల చదువులు, అత్తగారి మందులు ఏవో ఒకటి మా మధ్య నడుస్తూనే ఉండేవి. ఆ తీరం మీద మేమిద్దరమే నడిచాం.

బారువలో అసలు పని రాత్రి. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుంచి గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వస్తాయి. ఇచ్ఛాపురం దాటి కొంత దూరం వెళితే ఒడిశాలో రుషికుల్య నది మొగ. అక్కడ 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా తాబేళ్లు గుంపుగా గుడ్లు పెట్టాయి. మన వైపు గుంపులు రావు, ఒక్కొక్కటిగా వస్తాయి. తీరం వెంట అక్కడక్కడా కంచె కట్టి పొదిగే కేంద్రాలు పెట్టారు. కుక్కలూ నక్కలూ తవ్వి తినేయకుండా, రాత్రి గస్తీ తిరిగే మత్స్యకారులు గుడ్లు తీసుకొచ్చి అక్కడ గుంతల్లో పెడతారు. వాళ్లతో కలిసి వెళ్లడానికి అనుమతి దొరికింది. టార్చి వేయకూడదు, ఫోను తీయకూడదు, తాబేలు గుడ్లు పెట్టడం మొదలయ్యేదాకా దగ్గరికి పోకూడదు.

అర్ధరాత్రి దాటాక ఇసుకలో జాడ కనిపించింది. నీటి అంచు నుంచి పైకి, రెండువైపులా తెడ్డుకాళ్లు ఈడ్చిన గీతలు, మధ్య నున్నగా. దాని చివర తాబేలు, నలభై కిలోలుంటుందేమో. వెనక కాళ్లతోనే, చూడకుండా, ఒకదాని తర్వాత ఒకటిగా ఇసుక తోడి పక్కకు వేస్తోంది. మూరెడు లోతయ్యాక ఆగి గుడ్లు పెట్టింది. తెల్లగా, గుండ్రంగా, మెత్తటి పెంకుతో రెండేసి మూడేసి జారుతూ వందకు పైనే. అంతసేపూ దాని కళ్ల నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. ఒంట్లో చేరిన ఉప్పును అలా వదిలించుకుంటుంది, బాధతో కాదు. తెలిసీ నేను చెంగు నోటికడ్డం పెట్టుకున్నాను. గుంత పూడ్చాక పొట్టతో అటూ ఇటూ ఊగుతూ ఇసుకను దిమ్మిస పట్టించింది. తర్వాత వెనక్కి తిరిగి చూడకుండా నీళ్లలోకి నడిచింది.

ఆ గుడ్లు నలభై ఐదు, యాభై రోజుల్లో పిల్లలవుతాయి. ఇసుక వేడి ఎక్కువైతే ఆడపిల్లలు, తక్కువైతే మగపిల్లలు. జనవరిలో గుంతల్లో పెట్టిన గుడ్లు అప్పుడే పిల్లలవుతున్నాయి. ఒకరోజు పొద్దుపొడుపు వేళ ఆ పిల్లల్ని బుట్టలోంచి వదిలినప్పుడు చూశాం. నా అరచేతిలో సగం లేవు. సముద్రం వెలుతురే వాటికి దారి, అందుకే ఒడ్డున దీపాలు ఎక్కువైతే ఊరివైపు పాకి చస్తాయి.

గస్తీ తిరిగే మనిషి ఒకప్పుడు గుజరాత్‌లోని వేరావల్‌కు వలస వెళ్లి బోట్ల మీద పనిచేసినవాడు. ఈ తీరంలో చేపల రేవు కావాలని ఎంతో కాలంగా అడుగుతున్నా పని దొరక్క ఇక్కడి యువకులు అలా పోతూనే ఉన్నారు. 2018 నవంబరులో అక్కడి బోట్ల మీద వేటకెళ్లి పాకిస్తాన్‌కు పట్టుబడి 2020 జనవరిలో వాఘా దాటి తిరిగొచ్చిన ఇరవై మందిలో ఎక్కువమంది శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వాళ్లే. "ఇక్కడుంటే రాత్రి తాబేలుకి కాపలా, పగలు వల. గుంటల ముఖం చూసుకోవచ్చు కదమ్మా" అన్నాడు. అతనికి ఆ కాపలా పని ఏడాదిలో కొద్ది నెలలే ఉంటుంది. తీరానికి చచ్చి కొట్టుకొచ్చే తాబేళ్లలో చాలావరకు పెద్ద బోట్ల వలల్లో ఇరుక్కుని, ఊపిరికోసం పైకి రాలేక చనిపోయినవి. ఒడిశాలో రుషికుల్య మొగ చుట్టూ నవంబరు నుంచి మే దాకా వేట ఆపుతారు. మన తూర్పుతీరపు వేట నిషేధం ఏప్రిల్ 15న గానీ మొదలవదు. అప్పటికి తల్లి తాబేళ్ల కాలం దాటిపోతుంది.

ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచి చింతచెట్ల మీద అప్పుడు పక్షులు లేవు. అక్కడికి నత్తలు తినే ఓపెన్‌బిల్ కొంగలు వానలతోపాటు జూన్‌లో వస్తాయి. వాటి ముక్కు మూసినా మధ్యలో సందు కనిపిస్తుంది. పిల్లకు పుట్టినప్పుడు ఆ సందుండదు, పెరిగేకొద్దీ వస్తుంది. దానికోసం వానాకాలంలో మళ్లీ వెళ్లాలని అనుకున్నాం. తిరుగు దారిలో సాలిహుండం బౌద్ధస్తూపాల కొండెక్కాం. 1919లో దీన్ని వెలుగులోకి తెచ్చింది మన గిడుగు రామ్మూర్తి గారే. పైనుంచి వంశధార కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేదాకా కనిపిస్తుంది.

భోగాపురం విమానాశ్రయం, మూలపేట ఓడరేవు ఈ తీరపు ముఖం మారుస్తాయి. రిసార్టులూ వస్తాయి. అవి వచ్చేలోగా రెండు పనులు జరగాలి. తాబేళ్ల కాపలా మనుషులకు ఏడాది పొడవునా జీతం, తంపరల మీద నీటి పరీక్షలు. ఇవి ప్రభుత్వం చేయాల్సినవి. మనం చేయాల్సినవీ ఉన్నాయి. తేలినీలాపురానికి అక్టోబరు నుంచి మార్చి మధ్యలో వెళ్లండి, తాబేళ్ల కోసం ఫిబ్రవరి, మార్చిల్లో, తేలుకుంచికి జులై తర్వాత. చెట్ల కింద గట్టిగా అరవకండి, రాత్రి తీరంలో టార్చి వేయకండి, తాబేలు పిల్లను సెల్ఫీ కోసం చేతిలోకి తీసుకోకండి. టెక్కలిలోనో సోంపేటలోనో లాడ్జీలో దిగండి, చేపలు వల దగ్గరే కొనండి, ఆటో ఆ ఊరిదే మాట్లాడుకోండి. మీరు ఖర్చుపెట్టే ప్రతి రూపాయీ వాకిట్లో రెట్ట కడుక్కుంటూ పక్షుల్ని కాపాడుతున్నవాళ్లకే చేరేలా చూడండి.