ముప్ఫై సెకన్లు, నాలుగు డిగ్రీలు

లేజరు మిషను బల్బులా ఒక్కసారిగా ఆరిపోదు. అలా ఆరిపోతే బాగానే ఉండేది, మార్చేసి ఊరుకోవచ్చు. అది నెలకి ఇంత చొప్పున నీరసపడుతుంది. ఆ నీరసం చాలాకాలం ఎవరి కంటా పడదు. ఎందుకంటే దాని ముందు కూర్చున్న మనిషి ఆ లోటుని తన చేత్తో పూడుస్తూ ఉంటాడు. స్పీడు కాస్త తగ్గిస్తాడు, పవర్ రెండు శాతం పెంచుతాడు, తెగని చోట రెండోసారి తిప్పుతాడు. ఇంక పూడ్చడం కుదరని రోజు ఒకటి వస్తుంది. ఆ రోజు నింద మిషను మీద కాదు, మనిషి మీద పడుతుంది.

తెనాలిలో మా తమ్ముడికి షీల్డులు, మెమెంటోలు, నేమ్‌బోర్డులు చేసే చిన్న షాపు ఉంది. అక్కడ లేజరు దగ్గర పనిచేసే ఆయన్ని అందరూ బాబాయి అంటారు. లేజర్లు రాకముందు ఆయన స్టీలు సామాన్ల కొట్లో గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. మా అమ్మాయి పెళ్ళికి సారెగా పెట్టిన సామాను మీద పేర్లన్నీ ఆయన చేతివే. ఇప్పుడాయనకి అరవై దగ్గర పడుతోంది, కళ్ళజోడు లేనిదే మిషను ముందు కూర్చోడు.

ఫిబ్రవరిలో స్కూళ్ళ వార్షికోత్సవాల సీజను. షీల్డులు వందల్లో వెళ్ళాలి. సరిగ్గా అప్పుడే ఐదు మిల్లీమీటర్ల అక్రిలిక్ షీటు ఒక్క తిప్పుకి తెగడం మానేసింది. అక్షరాల్లో సన్నటి వత్తులకి లోతు రావడం లేదు. ‘కృష్ణ’ అని చెక్కితే ణవత్తుని వెలుతురులో పట్టుకుని వెతుక్కోవాలి.

‘‘బాబాయికి చూపు ఆనడం లేదన్నయ్యా. ఫోకస్ సరిగ్గా పెట్టట్లేదు. ఎవరైనా కుర్రాణ్ణి చూసుకోవాలి,’’ అన్నాడు తమ్ముడు. మెకానిక్ ఫోన్‌లోనే, ‘‘ట్యూబు పోయింది సార్, కొత్తది వేయించుకోండి,’’ అన్నాడు. రెండు తీర్పులూ వచ్చేశాయి. ఏ ఒక్కదాని వెనకా కొలత లేదు. ముప్ఫై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, నాకు మనసొప్పలేదు.

ఈ లేజరుని 1964లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కనిపెట్టింది మన దేశంలో, మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. గాజు గొట్టంలో కార్బన్ డయాక్సైడ్, నైట్రోజన్, హీలియం ఉంటాయి. మొదటిది మన గోలీసోడాలో ఉండే గాలే. హైవోల్టేజీ కరెంటు నైట్రోజన్‌ని ఉద్రేకపరుస్తుంది, నైట్రోజన్ ఆ శక్తిని కార్బన్ డయాక్సైడ్‌కి అందిస్తుంది, అది 10.6 మైక్రాన్ల పరారుణ కాంతిగా బయటికొస్తుంది. అది కంటికి కనపడదు, కానీ కంటిని కాల్చగలదు. ట్యూబు వాడుతున్నకొద్దీ లోపలి వాయువుల పాళ్ళు మారిపోతాయి, శక్తి తగ్గుతుంది. నిజమే. కానీ ట్యూబులోంచి వచ్చిన కిరణం మూడు అద్దాల మీద మలుపులు తిరిగి, ఒక లెన్సులోంచి దిగితేగానీ అక్రిలిక్‌ని చేరదు. అంటే ‘పవర్ తగ్గింది’ అన్నమాట ‘కడుపు నొప్పి’ అన్నంత మాటే. కరెంటు ఇచ్చే పవర్ సప్లయిలో తగ్గిందా, ట్యూబులోనా, చల్లబరిచే నీళ్ళ వల్లా, అద్దాల మీదా, లెన్సులోనా, ఫోకస్‌లోనా?

తేలికైన వాటితో మొదలుపెట్టాం. ట్యాంకులో నీళ్ళు 22 డిగ్రీలున్నాయి. బాగానే ఉన్నాయి. నీళ్ళు వేడెక్కితే ట్యూబు మందగిస్తుంది, కానీ ఇక్కడ అది కారణం కాదు. ట్యూబుతో పాటు వచ్చిన చీటీ మీద 18 మిల్లీఆంపియర్లకి 60 వాట్లు అని రాసి ఉంది. కంట్రోల్ అక్కడికి తెచ్చి చూస్తే మీటరు ముల్లు 18 దగ్గరే కదలకుండా నిలబడింది. అంటే పవర్ సప్లయి తన పని తాను చేస్తోంది. బల్ల నాలుగు మూలలా ఒకే గీత కోయించాం. అన్ని మూలలా ఒకేలా చెడింది. అద్దాల వరస పక్కకి జరిగి ఉంటే దూరపు మూల ఎక్కువగా దెబ్బతినేది.

తర్వాత ఫోకస్. ఒక చెక్కని ఏటవాలుగా పెట్టి, దాని మీద పైనుంచి కిందికి ఒక గీత గీయిస్తే, కిరణం సరిగ్గా కుదిరిన ఎత్తు దగ్గర ఆ గీత అన్నిటికంటే సన్నగా వస్తుంది. బాబాయి లెన్సు ఎత్తు చూసుకోవడానికి తనే కోసుకున్న అక్రిలిక్ ముక్కని ఆ సన్నటి చోట పెట్టి చూశాం. వెంట్రుకవాసి తేడా లేదు. తమ్ముడు వంగి చూసి, ఏమీ అనకుండా కౌంటర్ దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది ట్యూబు, అద్దాలు, లెన్సు. వీటిని విడదీయాలంటే కిరణం శక్తిని దారిలో రెండు చోట్ల కొలవాలి. మీటరు కొనక్కర్లేదు, ఇంటర్ ప్రాక్టికల్స్ లెక్క చాలు. కిలో అల్యూమినియం ఒక డిగ్రీ వేడెక్కడానికి సుమారు 900 జౌళ్ళు కావాలి. అరకిలో దిమ్మ మీద 60 వాట్ల కిరణం 30 సెకన్లు పడితే 1800 జౌళ్ళు. అంటే నాలుగు డిగ్రీలు. ఒక పక్క నల్లగా ఎనోడైజ్ చేయించిన దిమ్మకి బెజ్జం వేయించి, పదోవంతు డిగ్రీ చూపించే థర్మామీటరు దూర్చాను. హైవోల్టేజీ ఉన్న చోట మనం చేతులు పెట్టకూడదు కాబట్టి మెకానిక్‌ని పిలిపించాం. మిషను ఆపి దిమ్మని అమర్చడం, కళ్ళకి అద్దాలు పెట్టుకోవడం, మూత వేశాకే ఫైర్ చేయడం అతని బాధ్యత.

ట్యూబు దాటగానే, మొదటి అద్దానికి ముందు 3.4 డిగ్రీలు. 51 వాట్లు. లెన్సు కింద, ఫోకస్‌కి బాగా దిగువన 2.2 డిగ్రీలు. 33 వాట్లు. 60లో ట్యూబు తిన్నది 9 అయితే, దారిలో పోయింది 18. దారిలో కొంత పోవడం మామూలే, కానీ మూడోవంతు పోకూడదు.

మెకానిక్ హెడ్ విప్పాడు. పొగకి అందరికంటే దగ్గరగా ఉండే మూడో అద్దం మధ్యలో కందిగింజంత మచ్చ కాలి ఉంది. పసుపుగా ఉండాల్సిన లెన్సు అంచుల్లో గోధుమరంగు పొర. స్పిరిటుతో తుడిస్తే కొంత పోయింది, కొంత లోపలికంటా పట్టేసింది. రెండూ కొత్తవి వేశాక లెన్సు కింద 3.1 డిగ్రీలు వచ్చింది. 46 వాట్ల పైచిలుకు. షీటు ఒక్క తిప్పుకి తెగింది. అయిన ఖర్చు కొత్త ట్యూబు ఖరీదులో చిన్న ముక్క.

నాకు ఈ మొత్తంలో ఎక్కువ పనికొచ్చింది దిమ్మ కాదు, బాబాయి నోటుబుక్కు. ప్రతి ఆర్డరుకీ ఆయన స్పీడు, పవర్ రాసుకుంటాడు. అదే షీల్డుకి, అదే షీటుకి మూడేళ్ళ కింద 55 శాతం. తర్వాత 58, 63, 70. జనవరిలో 80. పక్కన ఎక్కడా ఫిర్యాదు లేదు. ‘‘చెప్పలేదేం బాబాయ్?’’ అని అడిగాను. ‘‘పని అవుతోందిగా సారూ,’’ అన్నాడు. మిషను పడుకోకుండా అన్నాళ్ళు నెట్టుకొచ్చింది ఆయన అనుభవం. పని ఆగకపోవడం వల్లే జబ్బు కూడా బయటపడలేదు. అంతేకాదు, శాతం పెంచేకొద్దీ ట్యూబు మరింత తొందరగా అరుగుతుంది. లెన్సు చేసిన పాపానికి శిక్ష ట్యూబుకి పడుతూ వచ్చింది. ఇంకో వారమైతే బాబాయికీ పడేది.

తమ్ముడు కుర్రాడి మాట మళ్ళీ ఎత్తలేదు. బాబాయికి సారీ కూడా చెప్పలేదు. మా ఇళ్ళల్లో ఆ అలవాటు తక్కువ. లెన్సు తుడిచే కాగితాల డబ్బా మాత్రం తనే తెచ్చి మిషను పక్కన పెట్టాడు.

ట్యూబు అరిగిన మాట అబద్ధం కాదు. పోయిన 9 వాట్లు మళ్ళీ రావు, ఇంకా పోతాయి. అందుకని దిమ్మని షాపులోనే వదిలేసి వచ్చాను. మెకానిక్ సర్వీసుకి వచ్చినప్పుడల్లా రెండు చోట్లా కొలుస్తున్నారు. బాబాయి నోటుబుక్కులో శాతం పక్కన ఇప్పుడు డిగ్రీల గడి కూడా ఉంది. మొన్న జూన్‌లో ట్యూబు దగ్గర 3.3 వచ్చింది. అది మూడుకి దిగితే కొత్తది కొనాలని తమ్ముడు నెలనెలా కొంత పక్కన పెడుతున్నాడు.