కోచిలో గడ్డిమంట

కొచ్చి అంటే మనకు కేరళలోని రేవుపట్నం జ్ఞాపకం వస్తుంది. నేను చెప్పబోయేది జపానులోని కోచి. ఒకచోట ద్విత్వం, ఒకచోట దీర్ఘం. పలుకులో యింతే తేడా. మధ్యన మాత్రం వేల మైళ్ల సముద్రం వున్నది.

జపానులోని నాలుగు పెద్ద దీవులలో కడగొట్టుది షికోకు. దాని దక్షిణపు ఒడ్డున, పసిఫిక్ మహాసముద్రానికి ఎదురుగా వున్నది యీ పట్నం. ఆ సీమకు పాత పేరు తొసా. ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న నా పూర్వ విద్యార్థి తోడు రాగా, ఒక అక్టోబరు నెలలో ఒకాయామా స్టేషనులో రైలెక్కాను. 1988లో ప్రారంభమైన సేతో వంతెన మీదుగా సముద్రం దాటి, కొండలూ సొరంగాలూ గడిచి, రెండున్నర గంటలలో కోచి చేరాము.

ఈ తీరాన్ని ఆనుకొని కురోషియో అనే వెచ్చని ప్రవాహం పోతూవుంటుంది. కట్సువో అనే చేప దాని వెంట వసంతంలో ఉత్తరానికి పోయి, శరత్తులో కొవ్వెక్కి తిరిగి వస్తుంది. మన విశాఖ జాలరులు సూర అనే చేపకు ఇది దగ్గర చుట్టం.

కోట సమీపంలో హిరోమె అనే బజారు వున్నది. 1998లో వెలిసింది. ఒకే కప్పు కింద అరవై దాకా దుకాణాలు, నడుమ పొడుగాటి బల్లలు. ఎవరి పక్కన ఎవరైనా కూర్చోవచ్చు. సాయంకాలమయ్యేసరికి పెళ్లిపందిరిలా వుంటుంది.

అక్కడొక దుకాణదారు గుప్పెడు వరిగడ్డి పొయ్యిలో వేసి నిప్పంటించాడు. మంట భగ్గున మనిషెత్తు లేచింది. "మాస్టారూ, కాస్త యివతలికి రండి!" అని మావాడు నా చెయ్యి పట్టి లాగాడు. ఇనపచట్రం మీద చేపముక్కను ముందు తోలువైపు, తరువాత రెండోవైపు మంటకు చూపించి, నిమిషం గడిచిందో లేదో తీసేశాడు. పైన నల్లగా కమిలింది. కోసి చూస్తే లోపల దానిమ్మగింజలా ఎర్రగా, పచ్చిగానే వున్నది. దళసరి ముక్కలు కోసి, ఉప్పు చల్లి, పచ్చి వెల్లుల్లి రేకులు పేర్చి పెట్టాడు. దీని పేరు తతాకి. తట్టడమని అర్థం, ఉప్పూ పులుపూ పట్టేటట్లు చేత్తో తడతారు.

1601లో ఈ కోట కట్టడం మొదలుపెట్టిన యమనౌచి ప్రభువు పచ్చిచేప తినరాదని ఆజ్ఞ వేస్తే, జనం పైపైన కాల్చి "ఇది పచ్చిది కాదు ప్రభూ" అన్నారని ఒక కథ. నిజమైనా కాకపోయినా, తెలివైనవాళ్ల కథే.

ఈనాటి వంటగాళ్లు మాంసాన్ని గాలి తీసిన సంచిలో మూసి, మరగని వేడినీళ్లలో గంటలకొద్దీ వుంచి, చివరకు గ్యాసు మంటతో పైభాగం ఎర్రగా కాలుస్తున్నారు. ఎమినో ఆమ్లాలూ చక్కెరలూ వేడిలో కలిసినప్పుడు ఆ రంగూ రుచీ పుడతాయని 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మైయార్ వివరించాడు. అయితే గ్యాసు శుభ్రంగా మండితే మిగిలేది నీటి ఆవిరీ బొగ్గుపులుసు వాయువూ మాత్రమే, పొగ వుండదు. పొగ వాసన కావాలంటే వేరే ఏర్పాటు చేసుకోవాలి. ఎండుగడ్డి ఆ రెండు పనులూ తానే చేస్తుంది. సన్నని బోలు పుల్ల గనుక ఒక్కసారిగా మండి, వేడి లోపలికి దిగకముందే పైభాగాన్ని కాల్చి, కరిగిన కొవ్వుకు తన పొగ అద్ది, ఆరిపోతుంది.

ఈ వాసన మన పల్లెలకు కొత్త కాదు. నాటుకోడిని ఈకలు పెరికి, గడ్డిమంట మీద కాల్చి, పసుపు రాసి కడిగే యిళ్లలో పుట్టినవారికి వెంటనే గుర్తుకొస్తుంది.

"గ్యాసుతో సులువు కదా?" అని మావాడి చేత అడిగించాను. "రంగు వస్తుంది, వాసన రాదు" అన్నాడు దుకాణదారు. తరువాత తన బాధ చెప్పుకున్నాడు. కోతయంత్రాలు గడ్డిని ముక్కలు చేసి పొలంలోనే చల్లేస్తాయట. నిలువు గడ్డి కావాలంటే రైతును ముందుగా బతిమాలుకోవాలట. వేరే కోయాలి, ఎండబెట్టాలి, తడవకుండా దాచాలి.

ఆ మాట నా మనసులో నాటుకుంది. మా గోదావరి పల్లెలలోనూ యంత్రాలు వచ్చాక గడ్డివాములు తగ్గిపోయాయి. చెదిరిన గడ్డిని కట్టలు కట్టించే ఖర్చుకు వెరచి తగలబెట్టేవారూ వున్నారు. పశువుకు మేతా, కోడికి మంటా అయిన గడ్డి అక్కడ వట్టి బూడిద అవుతున్నది.

చేప యిచ్చేది సముద్రమే అయినా, తొసా వంటకు ప్రాణం పోసేది పొలం. నిమిషం మండే ఆ గుప్పెడు గడ్డి కోసం ఎవరో ఒక రైతు దానిని విరగకుండా, తడవకుండా ఏడాది పొడుగునా కాపాడవలసి వున్నది. కోచిలో ఇంకా కాపాడుతున్నారు.