మద్రాసులో నైట్ కాల్షీటు

మద్రాసు చూసొచ్చామని చెప్పేవాళ్లని "ఏం చూశారు?" అని అడిగి చూడండి. మెరీనా బీచి, మహాబలిపురం, టి.నగర్‌లో పట్టుచీరలు... అంతే! రాత్రి పదయ్యేసరికి లాడ్జి గదిలో తలుపేసుకుని పడుకుంటారు. అసలు మద్రాసు ఆ తర్వాతే ఊపిరి పీల్చుకుంటుందన్న సంగతి వాళ్లకి తెలీదు. (1996లోనే పేరు చెన్నై అని మారింది, నిజమే. కాని సినిమావాళ్ల నోట్లో అది ఇంకా మద్రాసే. నా నోట్లోనూ అంతే. ఏమనుకోకండి.)

ఈమధ్య పనిమీద వెళ్లి, పగలంతా ఆ పనికిచ్చేసి, ఒక రాత్రి మాత్రం నాకోసం అట్టే పెట్టుకున్నాను. దానికో కారణం ఉంది. 1974లో మా నాన్నగారు, అప్పటికి ఇరవయ్యేళ్లు, సినిమాల్లో వేషాల కోసం తెనాలిలో మద్రాసు రైలెక్కారు. నలభై రోజులుండి తిరిగొచ్చేశారు. ఆ నలభై రోజుల్లో ఏం జరిగిందని ఎప్పుడడిగినా ఒకటే మాట. "ఏముందిరా, పానగల్ పార్కు నుంచి వాహినీ దాకా నడిచేవాణ్ణి, మళ్లీ వెనక్కి నడిచేవాణ్ణి." ఇంకో ముక్క పెగలదు. ఆ నడకేదో నేనూ నడిచి చూద్దామనిపించింది.

పార్కుకి తాళం

రాత్రి పదిన్నర. టి.నగర్‌లో షట్టర్లు ఒక్కొక్కటే దిగుతున్నాయి. పొద్దుట్నుంచి నిలబడే ఉన్న సేల్సుగర్ల్స్, అందరూ ఒకే రంగు చీరల్లో, బస్సు కోసం పరిగెడుతున్నారు. ఇసకేస్తే రాలని ఉస్మాన్ రోడ్డులో అరగంటలో నేల కనిపించింది. మిగిలిపోయిన మల్లెపూలని సగం ధరకే ఇచ్చేస్తోంది ఒకావిడ.

అన్నట్టు, ఈ పేటలో పేర్లు ఎవరివో గమనించారా? టి.నగర్ అంటే త్యాగరాయ నగర్, జస్టిస్ పార్టీ నాయకుడు పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరు. పార్కు 1921 నుంచి 1926 దాకా మద్రాసు రాజధానికి ప్రధానమంత్రిగా ఉన్న పానగల్ రాజా రామరాయణింగారి పేరు. ఇద్దరూ తెలుగువాళ్లే! వేషాల కోసం, పాట రాసే ఛాన్సు కోసం రైలు దిగినవాళ్లంతా ఒకప్పుడు ఈ చెట్ల కిందే చేరేవారు.

నేను వెళ్లేసరికి గేటుకి తాళం. పార్కులో కొంత మేర మెట్రో పనులకిచ్చి చుట్టూ రేకులు కట్టారు. "పూట్టియాచ్చు సార్" అన్నాడు కాపలా అతను. తాళం వేసేశామని. రేకుల సందులోంచి ఒక సిమెంటు బెంచీ కనిపించింది. నాన్నది అదేనేమోనని కాసేపు చూశాను. యాభై ఏళ్ల కిందటి బెంచీ ఉంటుందా, నా పిచ్చి కాకపోతే!

బ్రిడ్జి మీద

ఉస్మాన్ రోడ్డు పట్టుకుని ఉత్తరంగా నడిచి, ఎడమకి తిరిగితే కోడంబాకం బ్రిడ్జి. 1960ల్లో ఇది కట్టకముందు ఇక్కడ రైల్వే గేటుండేది. గేటు పడితే ఎంత పెద్ద స్టారు కారైనా ఆగాల్సిందే. ఆ రెండు నిమిషాల దర్శనం కోసం జనం కాపు కాసేవారట. ఇప్పుడు బ్రిడ్జి కింద తాంబరం వెళ్లే లోకల్ రైలు దాదాపు ఖాళీగా పోతోంది. పైన సముద్రం వైపు నుంచి చల్లటి గాలి. పగలు ఇదే చోట హారన్ల మోత తప్ప ఇంకేమీ వినపడదు.

బ్రిడ్జి దిగితే ఆర్కాట్ రోడ్డు. పవర్‌హౌస్ దగ్గర పెనం మీద కొత్తు పరోటా కొడుతున్న చప్పుడు, టకటక టకటకమని, వీధి చివరిదాకా వినిపించింది. ఒక ప్లేటు తిన్నాను. చుట్టూ ఆటోడ్రైవర్లు, షిఫ్టు దిగిన నర్సులు, ఎక్కడో ఎడిటింగ్ ముగించుకొచ్చిన ఇద్దరు కుర్రాళ్లు. అందులో టూరిస్టునంటే నేనొక్కణ్ణే.

వెన్నెల తయారైన చోటు

వడపళని చేరేసరికి పన్నెండున్నర దాటింది. నాగిరెడ్డిగారి విజయా వాహినీ ఇక్కడే ఉండేది. 'పాతాళభైరవి' (1951), 'మిస్సమ్మ' (1955), 'మాయాబజార్' (1957) పుట్టింది ఇక్కడే. మార్కస్ బార్‌ట్లీ కెమెరా పట్టిన ఆ చిత్రాల్లో వెన్నెలుందే, మనందరం ఇప్పటికీ చెప్పుకునే వెన్నెల, అది ఆకాశంలోది కాదు. లైట్లతో చేసింది! ఆ స్టూడియో స్థలంలో ఇప్పుడో ఆసుపత్రి, 2013లో వచ్చిన ఓ పెద్ద మాల్. మాల్‌లో మల్టీప్లెక్స్. అప్పుడే రెండో ఆట వదిలినట్టున్నారు, కుర్రకారు సినిమాని చీల్చి చెండాడుకుంటూ బయటికొస్తున్నారు.

ఎదుటి టీకొట్టు దగ్గర ఖాకీ చొక్కా తాత ఒకాయన నా ఫోను మాటలు విని, "తెలుగాళ్లా బాబూ? ఏ ఊరు?" అన్నాడు.

"తెనాలి, బాబాయిగారూ."

"మాది రేపల్లె!" అని పక్కనున్న స్టూలు నా వైపు జరిపాడు. డెబ్భై అయిదు పైనే ఉంటాయి. పక్క సందులో అపార్టుమెంటుకి నైట్ వాచ్‌మన్. ఒకప్పుడు వాహినీలో లైట్‌బాయ్.

"మాయాబజార్ నాటికి నేను లేను. ఆ కతలు మా పెద్దాళ్లు చెప్పేవాళ్లు. సెట్టు పైన పలకల మీద కూచుంటే, ఆ లైట్ల వేడికి చొక్కా పిండితే నీళ్లు కారేయి. కింద హీరో హీరోయిన్లు చల్లటి వెన్నెల్లో ఉన్నట్టు కనబడాల, మరి!"

1970ల్లో అక్కినేని హైదరాబాదులో అన్నపూర్ణా స్టూడియో కట్టారు. ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు, 1990లు వచ్చేసరికి మన పరిశ్రమ దాదాపుగా అక్కడికి చేరిపోయింది. మీరెందుకు వెళ్లలేదని అడిగాను.

"ఆర్టిస్టులు ఇమానాల్లో ఎళ్లారు. నా యూనియన్ కార్డు ఇక్కడిది. అక్కడికెళ్తే మళ్లీ మొదట్నించీ మొదలెట్టాల. పిల్లలు అరవ మీడియం. ఇంటిదానికి ఒంట్లో బాలేదు. ఏం చేసుకుని ఎళ్లేది?" అని టీ తాగి, నవ్వాడు. "నాకింకా నైట్ కాల్షీటే నడుస్తోంది బాబూ. ప్యాకప్ చెప్పేవాడే లేడు."

నాన్న సంగతి చెప్పాను. ఆయన మాల్ వైపు చూపించాడు. "గేటు ముందు రోజూ నిలబడేవాళ్లు అట్టాంటి కుర్రాళ్లు. ఎండలో, వానలో. మన జిల్లావాళ్లని తెలిస్తే మేం ఎప్పుడైనా టిఫిను పంపించేవాళ్లం. లోపలికి తీసుకెళ్లడం మాత్రం మా చేతుల్లో లేదు."

తెల్లవారుజామున

అక్కణ్ణించి ఆటోలో కోయంబేడు. పాత కొత్వాల్ చావడి నుంచి 1996లో ఇక్కడికి మార్చిన కూరగాయల మార్కెట్టు. పట్నం నిద్రపోతుంటే ఇది తిరణాలలా ఉంది! మన నంబరు ప్లేట్ల లారీల్లోంచి మదనపల్లె టమాటాలు దిగుతున్నాయి. "జరుగు జరుగు" అన్న తెలుగు కేకకి పక్కకి తప్పుకుని, బుట్టలకొద్దీ చామంతుల వాసనలో తెల్లారేదాకా తిరిగాను.

అయిదింటికి నాన్నకి ఫోన్ చేశాను. ఆ వేళకి లేస్తారు. అంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వాహినీ లోపలికెళ్లావా?" అని అడిగారు.

"స్టూడియో లేదు నాన్నా, మాల్ కట్టారు. ఎవరైనా వెళ్లొచ్చిప్పుడు."

"అదా... నేనెప్పుడూ వెళ్లలేదురా. నలభై రోజులూ గేటు దాకానే."

యాభై ఏళ్లుగా ఆయన దాచుకున్నది ఇంతే!

మీరు మద్రాసు వెళ్తే బీచి చూడండి, చీరలూ కొనుక్కోండి, ఎవరొద్దన్నారు? కాని ఒక్క రాత్రి, తోడుగా ఓ స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, పానగల్ పార్కు నుంచి వడపళని దాకా నడవండి. నాలుగున్నర కిలోమీటర్లకి మించదు. దార్లో టీకొట్టు దగ్గర ఎవరైనా "తెలుగాళ్లా?" అని అడిగితే, తొందర పడకుండా కూర్చోండి. మనం చూసిన వెన్నెల వెలిగించిన చెయ్యి అదే కావచ్చు.