వెలుతురుతో వేసే అచ్చు

బెంగళూరు ఐఐఎస్సీ నానో కేంద్రంలో అడుగు పెట్టాలంటే తల నుంచి కాలిదాకా తెల్లటి తొడుగు వేసుకోవాలి. మామూలు కాగితం కూడా తేనివ్వరు, నూగు రాలుతుందట. ఒక గదిలో మాత్రం లైట్లన్నీ పసుపుపచ్చ. ఫొటోరెసిస్ట్ అనే పూత నీలి, అతినీలలోహిత కాంతికి మారిపోతుంది, పసుపు వెలుతురుకి మారదు. చిప్పుల మీద గీతలు పడేది ఆ పూత వల్లే. పెళ్లికార్డుల స్క్రీన్ ప్రింటింగ్ షాపులో ఫ్రేముకు పూత పూసి లైటు కింద పెట్టడం చూసినవాళ్లకి ఈ పని కొత్తేమీ కాదు.

నేను చూడాలనుకున్నది చిప్పు కాదు, గాజు గుణాన్నే అచ్చువేసే పని. చూపించిన పరిశోధక విద్యార్థిని ఏలూరమ్మాయి. గాజుపలకను మొదట గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపిన ద్రవంలో కడిగారు. ‘‘సగం పని కడగడమేనండీ’’ అంది. తర్వాత పొడవాటి కర్బన తోకలున్న సైలేన్ అనే రసాయనాన్ని పొరగా పట్టించారు. ఒక్క అణువు ఎత్తు, సుమారు రెండున్నర నానోమీటర్లు. కంటికేమీ కనబడదు. నీళ్లచుక్క వేస్తే మాత్రం పరుచుకోదు, గుండ్రంగా నిలబడుతుంది.

దానిమీద సన్నటి చీలికలు కోసిన రేకు పెట్టి అతినీలలోహిత దీపం కిందికి తోశారు. ఆ కాంతి గాలిలోని ఆక్సిజన్ నుంచి ఓజోన్ పుట్టిస్తుంది. కాంతీ ఓజోనూ కలిసి చీలికల కింది తోకలను తినేస్తాయి. బయటికి తీస్తే మళ్లీ మామూలు గాజే! ‘‘ఊది చూడండి సార్’’ అంది. నోటికి గుడ్డ కట్టుకుని ఏం ఊదను? నవ్వి తనే నీళ్లలో ముంచి తీసింది. వెలుగు తగిలిన గీతల మీదే నీరు నిలిచింది, మిగతాదంతా పొడి.

ఆ గీతల్లో అమైన్ కొసలున్న మరో సైలేన్ నింపితే డీఎన్ఏ అక్కడే అతుక్కుంటుంది. 1991లో అమెరికాలో స్టీఫెన్ ఫోడార్ బృందం చేసింది ఇంకా సాహసం. కాంతి తగిలితే ఊడిపోయే రసాయన మూతలు బిగించి, చీలికల రేకుల్లాంటి మాస్కులు మార్చుకుంటూ ఒకే గాజు మీద 1,024 రకాల పెప్టైడ్లు కట్టారు. జన్యు చిప్పులకు దారి పడింది అక్కడే. 1999లో విస్కాన్సిన్ పరిశోధకులు మాస్కులనే తీసేసి, డిజిటల్ ప్రొజెక్టర్లలో వాడే చిట్టద్దాల చిప్పుతో వెలుగు పంపారు. తెలివి వాళ్లదీ తక్కువ కాదు గానీ, నా ఓటు ఆ ఊడే మూతలకే.

ఇలాంటి గదులు ఎలక్ట్రానిక్స్ వాళ్లవేనని మన కెమిస్ట్రీ విద్యార్థులు అనుకుంటారు. కానీ కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ నడిపే ఐఎన్‌యూపీ పథకం కింద బయటి కాలేజీల పరిశోధకులకూ ఇక్కడ శిక్షణ ఉంది. అధ్యాపకులారా, మీ పిల్లల చేత ఒక దరఖాస్తు పెట్టించండి.