ఉక్కునగరంలో పాత డీజిలు కారుతో అయిదేళ్లు

జంషెడ్‌పూర్ అనగానే ఎవరికైనా ముందుగా స్ఫురించేది ఉక్కు. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల నడుమ సాక్చీ అనే చిన్న గ్రామం వద్ద నెలకొల్పిన కర్మాగారంలో 1912 ఫిబ్రవరి 16న తొలి ఉక్కు దిమ్మె వెలువడింది. 1919లో ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కాళీమాటి రైల్వేస్టేషను టాటానగర్ అయింది. 1945లో రైలింజన్ల తయారీకి ఏర్పడిన టెల్కో సంస్థ 1954 నుండి జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో ఇక్కడ లారీలు తయారుచేసింది. ఉక్కుకే గాక డీజిలు ఇంజనుకు కూడా ఈ ఊరితో విడదీయరాని బంధమున్నది.

మేము ఉద్యోగరీత్యా 2012 నుండి 2017 వరకు ఆ ఊరిలో నివసించాము. జూబిలీ పార్కు, డిమ్నా సరస్సు, రెండు నదులు కలిసే దోముహానీ మొదలైన వాటి గురించి యాత్రికులు చెబుతూనే ఉంటారు. మేము ఆ ఊరినీ, చుట్టుపట్ల ప్రాంతాలనూ చూచినది ఒక పాత డీజిలు కారు కిటికీలోనుండి. ఆ కారు మాకు నేర్పిన పాఠం మన సంస్థ కుటుంబాలకు ఉపయోగపడగలదని ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఎందుకు కొన్నాము?

మా పనిస్థలం ఘట్‌శిలా వైపు, ఊరికి సుమారు 45 కిలోమీటర్ల దూరంలో ఉండేది. రానుపోను 90, నెలకు సుమారు 2,000 కిలోమీటర్లు. ఆనాడు పెట్రోలు లీటరు సుమారు 67 రూపాయలు, డీజిలు సుమారు 42 రూపాయలు. పెట్రోలు కారు లీటరుకు 14, డీజిలు కారు 18 కిలోమీటర్లు ఇస్తాయనుకున్నా నెలకు దాదాపు 5,000 రూపాయల తేడా వస్తుంది. కొత్త కారు కొనే స్తోమతు లేదు. కావున సెకండ్ హ్యాండ్ డీజిలు కారే శరణ్యమని నిశ్చయించుకున్నాము.

ఒక వ్యాపారి వద్ద 2006వ సంవత్సరపు చిన్న కారు కుదిరింది. మీటరు రీడింగు 78,000. ధర 1,65,000 రూపాయలు. అది ఏ కంపెనీదో చెప్పనవసరం లేదు. వయసు మీరిన పిమ్మట అన్ని కార్లకూ వైద్యం ఒకటే. మేము వెళ్లేసరికి ఇంజను అప్పటికే నడుస్తూ ఉన్నది. సెల్ఫ్ కొట్టగానే అందుకోవడం చూచి సంతోషించాము. యంత్రాల నడుమ ఇరవై ఏళ్లు గడిపిన మాకు, బానెట్టు మీద చేయి వేసి ఇంజను వేడిగా ఎందుకున్నదని అడగాలని తోచలేదు! చల్లారిన ఇంజను ఎలా లేస్తుందో చూడకుండా డీజిలు కారు కొనరాదు.

మీటరు చెప్పినదీ, ఇంజను చెప్పినదీ

వారం తిరగకముందే కారును గోల్‌మురీలో ఒక వృద్ధ మిస్త్రీ వద్దకు తీసుకొని వెళ్లాము. ఆయన తండ్రి శ్రీకాకుళం ప్రాంతం నుండి కర్మాగారంలో పనికి వచ్చి అక్కడే స్థిరపడ్డారట. జంషెడ్‌పూర్‌లో అటువంటి తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. మూడు తరాలు గడిచినా, మాటల మధ్య హిందీ దొర్లినా, యాస మాత్రం చెక్కుచెదరలేదు.

ఆయన ముందుగా పెడళ్ల రబ్బరు చూశారు. అది అరిగి నున్నబడింది. స్టీరింగు చేతిపట్టు వద్ద మెరుస్తున్నది. డెబ్బయి ఎనిమిది వేలు తిరిగిన బండికి అంత అరుగుదల రాదు. తరువాత బానెట్టు ఎత్తి వెదకగా, రేడియేటరు పక్కన తీగతో కట్టిన చిన్న అట్టముక్క కనిపించింది. నూనె మార్చినప్పుడు ఎవరో కట్టినది. దాని మీద 2012 జనవరి తేదీ, 1,52,000 అన్న రీడింగు స్పష్టంగా ఉన్నాయి.

"మీటరు సూసి కొన్నారా బాబూ?" అని మాత్రం అన్నారాయన.

మా ముఖాలు చిన్నబోయాయి. ఆయన ఇంజను నడిపిస్తూ ఆయిల్ మూత తీసి చూశారు. పొగ ఎగదన్నలేదు. పెట్రోలు ఇంజనులో ఇంధనాన్ని నిప్పురవ్వ మండిస్తుంది. డీజిలు ఇంజనులో గాలిని దాదాపు ఇరవయ్యో వంతుకు అణచివేయగా పుట్టిన వేడికే ఇంధనం మండుతుంది. పిస్టను రింగులు అరిగి ఆ ఒత్తిడి కిందికి జారిపోతే మూత వద్ద ఆవిరి ఉబికి వస్తుంది. పొగగొట్టం వద్ద నీలిపొగ కనబడితే నూనె మండుతున్నదనీ, నల్లపొగ అయితే గాలి చాలక ఇంధనం ఎక్కువవుతున్నదనీ, తెల్లపొగ ఎంతకూ తగ్గకపోతే ఇంధనం సరిగా మండడం లేదనీ, లేదా లోపలికి నీరు చేరుతున్నదనీ అనుమానించాలి. మా కారుకు ఈ మూడు లక్షణాలూ లేవు.

"ఇంజను బోరుకి రాలేదు బాబూ. ఎవడో గాని ఆయిలు వేళకి మార్సేడు. మీరూ అలాగే సేస్తే ఇంకో లక్ష తిరుగుతాది" అన్నారు.

మోసాన్ని బయటపెట్టిన ఆ అట్టముక్కే కారును ఎవరో శ్రద్ధగా చూసుకున్నారని కూడా చెప్పింది. వ్యాపారిని నిలదీయగా, "చూసుకొనే కదా కొన్నారు" అన్నాడు. కారును అదే మీటరుతో మరొకరికి అంటగట్టడమా, ఉంచుకొని బాగుచేయించుకోవడమా అని రెండు రోజులు తర్జనభర్జన పడి, చివరికి ఉంచుకున్నాము.

నోటుపుస్తకం

మా శ్రీమతి ఒక నోటుపుస్తకం తెచ్చి మొదటి పేజీలో ఇలా వ్రాసింది: "మీటరు రీడింగుకు కనీసం 74,000 కలిపి చదువవలెను." నాటి నుండి కారుకు చేయించిన ప్రతి పనీ తేదీతో, రీడింగుతో, ఖర్చుతో అందులోకి ఎక్కింది. మన కర్మాగారాలలో ప్రతి పంపుకూ, ప్రతి మోటారుకూ చరిత్ర పుస్తకం ఉంటుంది. ఇంట్లోని యంత్రానికి అది ఎందుకుండరాదు?

మొదటి నెలలో 22,000 రూపాయలు ఖర్చయింది. అన్నిటికంటె ముందు టైమింగు బెల్టు, దానితోపాటు టెన్షనరు, వాటర్ పంపు మార్పించాము. బెల్టు ఎప్పుడు మార్చారో తెలియనప్పుడు, మార్చలేదనే భావించడం క్షేమం. అది దారిలో తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజను ధర మొత్తం నెత్తిన పడుతుంది. తరువాత నూనె 7,500 కిలోమీటర్లకొకసారి మార్చాము. కొత్త నూనె వారంలోనే నల్లబడినదని కంగారుపడనక్కరలేదు. మసిని తనలో కలుపుకొని తిరగడం డీజిలు ఇంజనులో నూనె చేసే పనులలో ఒకటి. వర్షాకాలంలో పక్షానికొకసారి డీజిలు ఫిల్టరు అడుగున చేరిన నీటిని వదిలేవాళ్లము. చెంచాడు నీరు పంపులోకి, నాజిళ్లలోకి పోతే వేల రూపాయల నష్టం. ఎర్రమట్టి దుమ్ము కారణంగా ఎయిర్ ఫిల్టరును తరచు చూచేవాళ్లము. చలికాలానికి ముందు హీటరు ప్లగ్గులు పరీక్షించేవాళ్లము. డిసెంబరు, జనవరి నెలల తెల్లవారుజామున అక్కడ చలి పది డిగ్రీల దరిదాపులకు దిగుతుంది.

కొండకూ, ఊరికీ

ఊరికి ఉత్తరాన దల్మా కొండలు. శిఖరం సముద్రమట్టానికి సుమారు 926 మీటర్ల ఎత్తు. చుట్టూ ఏనుగుల అభయారణ్యం. ఆ శీతాకాలంలోనే పిల్లలతో సహా బయలుదేరాము. ఎక్కేటంతసేపూ మా చూపు అడవి మీద కంటె ఉష్ణోగ్రత ముల్లు మీదే ఉన్నది. ముల్లు సగం దాటలేదు. పైనుండి చూస్తే సువర్ణరేఖ సన్నని తీగలా, దూరాన కర్మాగారం పొగగొట్టాలు అగ్గిపుల్లలలా కనిపించాయి. "ఏనుగు కనబడలేదు" అని మా అమ్మాయి చిన్నబుచ్చుకున్నది. మాకు మాత్రం మిస్త్రీ మాట నిజమైనందుకు గుండెల మీది బరువు దిగింది.

2013 సంక్రాంతికి అదే కారులో శ్రీకాకుళం వెళ్లాము. బహరాగోడా, బాలాసోర్, భువనేశ్వర్ మీదుగా ఏడు వందల కిలోమీటర్లకు పైబడిన దారి. ఆ రోజుల్లో జంషెడ్‌పూర్ నుండి క్యాబిను లేని కొత్త లారీ ఛాసిస్‌లు వరుసగా ఆ దారిన వెళ్తుండేవి. డ్రైవర్లు తలకూ ముఖానికీ గుడ్డలు చుట్టుకొని, ఆ చలిగాలికి ఎదురుగా చెక్క ఆసనం మీద కూర్చొని నడిపేవారు. వారిని చూచిన పిమ్మట మా కారు హీటరు సరిగా పనిచేయడం లేదని ఫిర్యాదు చేయడానికి ఎవరికీ నోరు రాలేదు. చిలకా సరస్సు దాటి, ఇచ్ఛాపురం వద్ద తెలుగు బోర్డులు కనబడగానే పిల్లలు వాటిని పోటీపడి చదివారు.

అమ్మకం

2017లో బదిలీ అయింది. అప్పటికి మీటరు 1,98,000 చూపుతున్నది. నోటుపుస్తకం లెక్కన 2,72,000కు తక్కువ కాదు. కదమాలో ఉండే ఒక తెలుగు కుటుంబంలోని యువకుడు, ఆదిత్యపూర్‌లో చిన్న ఫ్యాక్టరీ ఉద్యోగి, వచ్చి చూచి 85,000 రూపాయలు ఇస్తానన్నాడు. మేము మీటరును ముట్టుకోలేదు. అబద్ధం చెప్పనవసరం కూడా లేదు, ఊరుకుంటే చాలు. పైగా ఆ వారంలోనే అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి. ఆ రాత్రి మాకు సరిగా నిద్ర పట్టలేదు. ఆనాడు ఆ వ్యాపారి మాతో అన్న మాట పదే పదే చెవిలో వినిపించింది.

మరునాడు శ్రీమతి మారుమాట లేకుండా నోటుపుస్తకం తెచ్చి అతని ముందు పెట్టింది. అతడు మొదటి పేజీ చదివి, ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయాడు. బేరం పోయిందనుకున్నాము. రెండు రోజుల తరువాత ఒక మిస్త్రీని వెంటబెట్టుకొని వచ్చి, పుస్తకమంతా చదివించి, కారు నడిపించి, "డెబ్బయి వేలు ఇస్తాను సార్, ఈ పుస్తకం కూడా నాకే ఇవ్వాలి" అన్నాడు. పదిహేను వేలు తగ్గినా ఇచ్చివేశాము. ఫీజుకు తక్కువైన సొమ్ము సొసైటీ అప్పుతో పూడ్చుకున్నాము.

కొనేవారికి ఒక మాట

నేటి పరిస్థితులు వేరు. 2014 అక్టోబరులో డీజిలు ధరపై ప్రభుత్వ నియంత్రణ తొలగింది. పెట్రోలుతో ఆనాటి తేడా తరిగిపోయింది. 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 ప్రమాణాలు వచ్చినప్పుడు మారుతీ సుజుకీ వంటి సంస్థలు డీజిలు కార్లు మానుకున్నాయి. పదేళ్లు దాటిన డీజిలు వాహనాలపై ఢిల్లీ ప్రాంతంలో హరిత ట్రిబ్యునల్ 2015లో విధించిన నిషేధాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించడంతో, అక్కడి కార్లు అనేకం ఇతర రాష్ట్రాలకు తరలివచ్చాయి. కావున నెలకు వెయ్యి కిలోమీటర్లయినా తిరగనివారు పాత డీజిలు కారు జోలికి పోకపోవడం మంచిది. కొనదలచినవారు తెల్లవారుజామున, ఇంజను చల్లగా ఉండగా వెళ్లాలి. రిజిస్ట్రేషను నంబరు చెప్పి సర్వీసు సెంటరులో పాత రీడింగులు కనుక్కోవాలి. 29, 30 నంబర్ల ఫారాలపై సంతకాలు, అప్పు తీరినట్లు బ్యాంకు పత్రం, బీమా బదిలీ పూర్తయ్యేవరకు ఉపేక్షించరాదు. ధరలో అయిదో వంతైనా మొదటి నెల మరమ్మతులకు విడిగా ఉంచుకోవాలి.

కిలోమీటర్లు ఎక్కువ తిరగడం కారుకు దోషం కాదు. వాటిని దాచడమే దోషం.

2019 సంక్రాంతికి ఆ యువకుడు శుభాకాంక్షలు చెప్పడానికి ఫోను చేశాడు. కారు ఎలా ఉన్నదని అడిగాము. "మీటరు రెండు లక్షల ముప్పయి ఒక్క వేలు సార్" అని, ఒక్క క్షణమాగి, "డెబ్బయి నాలుగు కలుపుకోండి" అని నవ్వాడు.