బయట మిషను మోగడం లేదమ్మా

"బయట ఆ మిషను మోగడం లేదమ్మా," అన్నారు నాన్న, 2025 జనవరిలో ఒకరోజు పొద్దున్న కాఫీ తాగుతూ.

"తలుపులన్నీ బిగించి ఉన్నాయి కదా నాన్నా, వినపడదులే," అన్నాను. ఇల్లు వెచ్చగానే ఉంది. హాల్లో థర్మోస్టాట్ 68 డిగ్రీలు చూపిస్తోంది. పైగా ఆయనకి 76 ఏళ్ళు, ఎడమ చెవి కాస్త మందం. పైకి అనలేదు గానీ, నా మనసులో ఉన్నది అదే.

మేముండేది బాల్టిమోర్‌లో, 1920ల నాటి ఇటుకల రో హౌస్‌లో. ఒకే గోడని అటొకరూ ఇటొకరూ పంచుకుంటూ వీధి పొడవునా వరసగా కట్టిన ఇళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నాన్న, "మన అగ్రహారం ఇళ్ళలాగే ఉన్నాయే!" అన్నారు. మాకంటే ముందున్నవాళ్ళు 2008లో పాత రేడియేటర్లు తీయించేసి హీట్ పంప్ పెట్టించారు. వేసవిలో మామూలు ఏసీ లాగే ఇంట్లో వేడిని బయటికి తోసేస్తుంది. చలికాలంలో అదే పని తిరగేసి చేస్తుంది, బయటి గాలిలో ఉన్న వేడిని లాగి లోపలికి తెస్తుంది. గడ్డకట్టే చలిలో ఇంకా వేడెక్కడుంటుందని నేను ఆశ్చర్యపోతే నాన్నే చెప్పారు: "బోరు మోటారు నీళ్ళు పుట్టిస్తుందా ఏంటి? ఉన్నవాటిని పైకి తోడుతుంది. ఇదీ అంతే." ఆయన కాకినాడలో విద్యుత్ శాఖలో పనిచేసి రిటైరయ్యారు.

అమ్మ పోయాక ఆయన మా దగ్గరికి రావడం అదే మొదలు. నవంబరులో వచ్చారు, ఏప్రిల్లో తిరుగు టికెట్టు. రెండు స్వెట్టర్లు, ఒక మంకీ క్యాపు. వెనక వైపు మేడ మీద గది ఆయనకిచ్చాం. ఎలా ఉంది నాన్నా అంటే "బ్రహ్మాండంగా ఉంది" అనేవారు. కూతురి ఇంట్లో, అందులోనూ అల్లుడుగారు ఎదురుగా ఉంటే, ఆయన నోటమ్మట ఇంకో మాట రాదు.

ఫిబ్రవరిలో కరెంటు బిల్లు 490 డాలర్లు వచ్చింది. ఏటా ఆ నెలకి 240కి మించదు. మా ఆయన కంపెనీకి ఫోను చేస్తుంటే, నాన్న లోపలికెళ్ళి ఒక చిన్న నోటుపుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టారు. వచ్చిన దగ్గర్నించీ రోజూ పొద్దున్నే మీటరు చూసి రాసుకుంటున్నారు, ఉద్యోగంలో అలవాటు. జనవరి 9 దాకా రోజుకి సుమారు 40 యూనిట్లు. ఆ మర్నాటి నుంచీ 90కి పైనే. "మిషను ఆగిపోయింది ఆ రోజే," అన్నారు. దెప్పినట్టు కాదు, లెక్క అప్పజెప్పినట్టు.

మెకానిక్ వచ్చి చూశాడు. కంప్రెసర్ కాలిపోయింది. మరి ఇల్లు వెచ్చగా ఎలా ఉందంటే, హీట్ పంప్‌కి సాయంగా లోపల కరెంటు కాయిల్స్ ఉంటాయి, నీళ్ళు కాచుకునే హీటరు లాంటివి. పంపు ఆగిపోగానే భారమంతా అవే మోశాయి. హీట్ పంప్ ఒక యూనిట్ కరెంటుతో రెండు మూడు యూనిట్ల వేడి తేగలదు. కాయిల్ ఒకటికి ఒకటే ఇస్తుంది. థర్మోస్టాట్ మూలన "ఆక్స్ హీట్" అన్న అక్షరాలు నెలరోజులుగా వెలుగుతూనే ఉన్నాయట. మేం దాన్ని రోజూ చూస్తూనే ఉన్నాం.

బాగుచేయడానికీ వీల్లేదు. పాత మిషన్లో ఉన్న వాయువు ఆర్-22, ఓజోన్ పొరకి చెరుపు చేసేది. అమెరికాలో 2020 నుంచి దాని తయారీ, దిగుమతీ ఆపేశారు. పాత యంత్రాల్లోంచి తీసి శుద్ధి చేసిందే దొరకాలి, అదీ మండిపోయే ధరకి. కొత్తది కొనాల్సిందే.

ముగ్గుర్ని పిలిచాం. మొదటివాడు పాత మిషను మీద లేబులు చూసి, పాతది మూడున్నర టన్నులు, నాలుగు వేద్దాం, 18,000 డాలర్లన్నాడు. రెండోవాడు మూడున్నరే చాలు, 15,500 అన్నాడు. మూడో ఆయన పెద్దవాడు. టేపు తీసి కిటికీలు కొలిచాడు, అటకెక్కాడు, గది గదికీ థర్మామీటరు పట్టుకు తిరిగాడు. రెండు పక్కలా పొరుగిళ్ళే కాబట్టి అటూ ఇటూ వేడి పోదు, పోయేదల్లా ముందు నుంచీ వెనక నుంచీ పైనుంచీనే, మీకు రెండు టన్నులు చాలన్నాడు. 13,800. టన్నంటే ఏంటని నేనడిగితే నాన్న అందుకున్నారు: "టన్ను ఐసు ఒక రోజులో కరగడానికి ఎంత వేడి కావాలో అంత. మన కాకినాడ ఐసు ఫ్యాక్టరీల్లో ఇదే లెక్క."

ఆ పెద్దాయన చివర్లో ఇంకో మాట చెప్పాడు. "వెనక గదిలో ఎవరుంటారు? అక్కడ 61 ఉంది." కప్పు పైన డక్టు అతుకు ఊడి, ఆ గదికి వెళ్ళాల్సిన గాలంతా అటకలోకి పోతోంది. ఎన్నాళ్ళుగానో. మిషను బాగున్న రోజుల్లోనూ అంతే.

నవంబరు నుంచీ ఆయన ఆ గదిలోనే పడుకుంటున్నారు.

ఆ రాత్రి వంటింట్లో మేం డబ్బు లెక్కలు వేసుకుంటుంటే నాన్న గుమ్మంలో నిలబడి, "నేనెలాగూ ఏప్రిల్లో వెళ్ళిపోతాను కదండీ. ఆ డక్టు పని తరవాత చూసుకోవచ్చు," అన్నారు అల్లుడితో. మా ఆయన తలెత్తి, "మామయ్యగారూ, ముందు చేయించేది అదే," అన్నారు. నాకు మాట రాలేదు. "చలిగా ఉందా నాన్నా?" అని నేను చాలాసార్లే అడిగాను. ఒక్క రాత్రి ఆ గదిలో పది నిమిషాలు కూర్చుని ఉంటే అడగాల్సిన పనే ఉండేది కాదు.

మార్చిలో కొత్తది వచ్చింది. కొత్త రూల్సు ప్రకారం ఇందులో ఆర్-454బి. ఖర్చులో 30 శాతం, 2,000 డాలర్లు మించకుండా, ఆ ఏడాది పన్నులో తగ్గింది. 2025తో ఆ రాయితీ కూడా అయిపోయింది. నాన్న మాత్రం మొదటి రోజే గాలికి చెయ్యి అడ్డుపెట్టి, "చల్లగానే ఉందే!" అన్నారు. ఈసారి నోరు విప్పి అన్నారు, సంతోషించాను. హీట్ పంప్ గాలి ఒంటి వేడి కంటే కాస్త తక్కువే ఉంటుంది, సూటిగా తగిలితే చల్లగానే అనిపిస్తుంది. మంచం గాలికి ఎదురు లేకుండా పక్కకి జరిపాం. మర్నాడు మంకీ క్యాపు లేకుండా కిందకి దిగొచ్చారు.

కొత్త మిషను చప్పుడే చెయ్యదు. తిరుగుతోందో లేదో చెవికి తెలీదు. నోటుపుస్తకం నాకిచ్చేసి ఆయన కాకినాడ వెళ్ళిపోయారు. ఈ చలికాలం రోజూ పొద్దున్న మీటరు నేనే చూసి రాస్తున్నాను. ఆదివారం ఫోన్లో వారం లెక్కంతా చదువుతాను. అంతా విని, "సరే, బానే ఉంది," అంటారు.

"మీ ఇంట్లో ఎలా ఉంది నాన్నా?" అంటాను.

"బ్రహ్మాండంగా ఉంది," అంటారు.

ఈ వేసవిలో వెళ్ళి చూసి రావాలి.