ఎంగిలాకు ఎవరెత్తాలి?

మా ప్రాజెక్టులో రెండే రెండు డిక్లరేషన్లు మా టీమ్‌లో మూడు రోజులు కొట్లాట పెట్టినాయి. ఫంక్షన్ ఒకటే. ల్యాబ్ పరికరంతో వచ్చిన హెడర్‌లో దానికి ‘ఎస్‌టీడీకాల్’ అని రాసుంది. మా హెడర్‌లో ఆ మాట లేదు. పరికరం హెడర్ ముందు, మాది తర్వాత పెడితే క్లాంగ్ కిక్కురుమనదు. తిరగేస్తే ఎర్రర్. నా ఫ్రెండ్ ల్యాప్‌టాప్‌లో అయితే ఎట్లా పెట్టినా కంపైల్ అయిపోతుంది. “కంపైలర్‌కే తిక్క. వరస మార్చేసి సబ్‌మిట్ చేద్దాం రా” అన్నాడు వాడు.

నాకు మా సత్యవేడు పెళ్ళి భోజనాలు గుర్తొచ్చినాయి. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రం నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఊరు మాది. చుట్టాలు సరిహద్దుకి రెండు పక్కలా ఉన్నారు. కొన్ని ఇళ్ళల్లో తిన్నాక ఎంగిలాకు పిలిచినవాళ్ళే ఎత్తుతారు. కొన్ని ఇళ్ళల్లో ఎవరాకు వాళ్ళే ఎత్తాల. రెండూ మర్యాదే. ఆ ఇంట్లో ఏది నడుస్తుందో తెలియకపోతేనే చిక్కు.

32 బిట్ విండోస్ బిల్డ్‌లో కాలింగ్ కన్వెన్షన్‌దీ ఇదే లెక్క. పిలిచే కోడ్ ఆర్గ్యుమెంట్లని స్టాక్ మీద వడ్డిస్తుంది. ‘సీడెక్ల్’ అయితే పిలిచిన కోడే వాటిని ఎత్తేస్తుంది. ‘ఎస్‌టీడీకాల్’ అయితే వచ్చిన ఫంక్షనే ఎత్తి పోతుంది. ఇద్దరూ ఎత్తినా, ఇద్దరూ వదిలేసినా స్టాక్ లెక్క తప్పుతుంది. నా ఫ్రెండ్‌ది 64 బిట్ బిల్డ్. అక్కడ ఎస్‌టీడీకాల్ అన్న మాటని కంపైలర్ పట్టించుకోదు. అందుకే వాడికి ఎర్రర్ రాలా.

మరి వరస మారితే ఎర్రర్ ఎందుకు? ముందు ఎస్‌టీడీకాల్ అని చెప్పి, తర్వాత ఏమీ చెప్పకపోతే “సరే, ముందు చెప్పిందే” అనుకుంటుంది క్లాంగ్. ముందే ఏమీ చెప్పకపోతే మటుకు డిఫాల్ట్ ప్రకారం సీడెక్ల్ అని రాసుకుంటుంది. ఆ రెండు డిక్లరేషన్ల మధ్యలో ఎవరో ఆ ఫంక్షన్‌ని సీడెక్ల్ పద్ధతిలోనే పిలిచి ఉండొచ్చు. ఆకులేసి వడ్డించినాక పద్ధతి మారుస్తామంటే ఎట్లా కుదురుతుంది?

అందుకే వరస మార్చడానికి నేను ఒప్పుకోలా. మా హెడర్ ఒక్కటే ఉన్న ఇంకో ఫైల్లో ఆ ఫంక్షన్ సీడెక్ల్‌గానే మిగిలిపోతుంది. చివరికి మా డిక్లరేషన్‌లోనూ ఎస్‌టీడీకాల్ అని రాసినాం. “ఒక్క మాటకి ఇంత రామాయణమా” అని వాడు ఇప్పటికీ అంటానే ఉన్నాడు.

జూనియర్లూ, మీ టీమ్‌లో “అది అందరికీ తెలిసిందేలే” అని వదిలేసిన పనులు ఒకసారి చూసుకోండి. మనం చెప్పకుండా వదిలేసిన చోట ఎదుటివాడు తన డిఫాల్ట్ పెట్టేసుకుంటాడు. మనుషులకి ఎర్రర్ మెసేజ్ కూడా రాదు.